గెలిచింది కారా, డ్రైవరా?

పందెమన్నాక ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. కోడిపందెమైనా, గుర్రప్పందెమైనా అంతే. చూడవచ్చినవారు కోరేది కూడా అదే. కాని ఎప్పుడో ఒకప్పుడు ఇద్దరు సమవుజ్జీలు తక్కెడలో వేసినట్టు సరిసమానంగా తూగి కూర్చుంటారు. అప్పుడేం చేయాలి? బిరుదు చెరిసగం పంచి ఇవ్వాలా? బొమ్మా బొరుసా వేసి తేల్చాలా? మరో పందెం పెట్టాలా? పెడితే అది ఎలాంటి పందెమై ఉండాలి?

1958వ సంవత్సరంలో ఇంగ్లండు మోటారు పందాల పెద్దలకు ఈ చిక్కు నిజంగానే ఎదురయింది. ఆ ఏడు ఆ దేశంలో మొట్టమొదటిసారిగా మామూలు కార్లకు జాతీయస్థాయి ఛాంపియన్‌షిప్ పెట్టారు. సీజనంతా పందాలు నడిచాక లెక్క చూసుకుంటే ఇద్దరు డ్రైవర్ల ఖాతాలో ఒకే అంకె తేలింది. చివరకు ఆ ఇద్దరినీ వేరుచేసినది కేవలం 1.6 సెకన్లు. మీరీ వాక్యం చదవటానికి అంతకంటె ఎక్కువ సేపే పట్టింది. కాని ఆ తీర్పు చేసిన పద్ధతి మటుకు ఇంటిల్లిపాదీ వినదగినది.

ఇంటి కారే పందెపు కారు

రేసుకారు అనగానే మన కళ్ళకు కట్టేది పొడుగాటి ముక్కుతో, పైకప్పు లేకుండా, ఒక్క మనిషి మాత్రం ఇరుక్కుని కూర్చునే వాహనం. అది పందెం కోసం పుట్టినది. దానిలో సంతకు వెళ్ళలేము, అత్తవారింటికి వెళ్ళలేము. ఈ ఛాంపియన్‌షిప్‌లోని కార్లు అలాంటివి కావు. నాలుగు తలుపులు, వెనుక సీటు, సామాను పెట్టుకోను డిక్కీ ఉన్న మామూలు సంసారపు కార్లు. ఇంగ్లీషువారు వీటిని సెలూన్ కార్లంటారు. డాక్టరుగారు రోగిని చూడటానికి వెళ్ళేదీ, గుమాస్తా ఆదివారం పిల్లల్ని సముద్రతీరానికి తీసుకువెళ్ళేదీ ఇవే. అవే మలుపుల్లో పక్కకు ఒరిగిపోతూ, చక్రాలు కీచుమంటూ పరుగెత్తుతుంటే, “అదుగో మన కారు!” అనుకోవటంలో ఉన్న సరదా వేరు. ఆ పందాలకు జనం కట్టిన కారణాల్లో అదొకటి.

ఈ పందాలను నడిపినది బ్రిటిష్ రేసింగ్ అండ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు. మొదటి సీజను క్రిస్మస్ మర్నాడు, అంటే 1957 డిసెంబరు 26న, కెంటు జిల్లాలోని బ్రాండ్స్ హాచ్ మైదానంలో మొదలై, 1958 అక్టోబరు 5న అక్కడే ముగిసింది.

ఒక ఇబ్బంది మాత్రం మొదటి రోజునుంచీ ఉన్నదే. అన్ని కార్లూ ఒక్క సత్తువగలవి కావు. చిన్న ఇంజను కారును పెద్ద ఇంజను కారు పక్కన నిలబెట్టి, “ఇక పరుగెత్తు” అంటే అది పందెం అనిపించుకోదు. మన పల్లెల్లో బండలాగుడు పందాలు చూసినవారికి దీనికి మందేమిటో వేరే చెప్పనక్కరలేదు. రెండుపళ్ళ గిత్తల జతను ఆరుపళ్ళ జతతో కలిపి పోటీ పెట్టరు. పళ్ళు లెక్కచూసి, ఏ విభాగానికి ఆ విభాగంలోనే లాగిస్తారు. కార్లకు పళ్ళుండవు గనుక ఇంజను కొలతను బట్టి తరగతులు చేశారు. అన్ని తరగతుల కార్లూ కలిసి పరుగెత్తినా, పాయింట్లు మాత్రం ఎవరి తరగతిలో వారికే. కనుక అందరికంటె ముందు గీత దాటినవాడే ఛాంపియన్ కానక్కరలేదు. తన తరగతిలో తడవ తడవకూ ముందుంటే చిన్న కారువాడు కూడా జాతీయ ఛాంపియన్ కావచ్చు.

ఏర్పాటు తెలివైనదే. బీదకూ గొప్పకూ సమానమైన అవకాశం ఇచ్చినదే. కాని అందులోనే ముడి ఒకటి దాగి ఉన్నది. వేరువేరు తరగతుల్లో ఇద్దరు ఘనులు తయారై, ఎవరి తరగతిని వారు ఏలుతూ పోతే, ఇద్దరికీ ఒకే లెక్క రావటంలో వింతేముంది? సరిగ్గా అదే జరిగింది.

ఆ ఇద్దరు

మొదటివాడు జాక్ సియర్స్. 1930లో పుట్టాడు. నార్ఫోక్ ప్రాంతంలో వ్యవసాయం చేసుకునే మనిషి. పందెపు మైదానంలో ఎంత పట్టుదలో బయట అంత మర్యాద. అందుకే తోటివారు ఆయనను “జెంటిల్‌మన్ జాక్” అని పిలిచేవారు. ఆయన కారు ఆస్టిన్ ఎ105 వెస్ట్‌మినిస్టర్. ఆరు సిలిండర్లు, 2.6 లీటర్ల ఇంజను, సుమారు నూరు హార్సుపవరు. చూడటానికి భారీగా, పెద్దమనిషి తరహాగా ఉండే సంసారపు బండి. దానిని చూసినవారెవరూ అది పందెంలో నెగ్గుతుందని పైసా కూడా కాయరు.

రెండోవాడు టామీ సాప్‌విత్. 1932లో పుట్టాడు. తండ్రి సర్ థామస్ సాప్‌విత్ విమాన నిర్మాణంలో పేరుమోసిన వ్యక్తి. మొదటి ప్రపంచయుద్ధంలో ఆకాశాన్ని ఏలిన సాప్‌విత్ క్యామెల్ విమానం ఆయన కంపెనీదే. మన దేశస్థుడైన హర్‌దిత్ సింగ్ మాలిక్ 1917లో యుద్ధరంగంలో నడిపినదీ ఆ క్యామెల్ విమానమే. అదే సర్ థామస్ 1934లో అమెరికా కప్పు తెరచాప పడవల పోటీకి తెచ్చిన పడవ పేరు ఎండెవర్. కొడుకు పెట్టుకున్న మోటారు పందాల జట్టు పేరు ఎకీప్ ఎండెవర్. ఆ జట్టు కారు జాగ్వార్ 3.4. హార్సుపవరు 210; గంటకు 120 మైళ్ళు పరుగెత్తగలది. ఆ రోజుల్లో పోలీసులూ దొంగలూ కూడా ఇష్టపడ్డ కారది.

ఒకడు చేను దున్నించే ఆసామి, రెండోవాడు కోటీశ్వరుని బిడ్డ. ఒకనిది ఏనుగులాంటి ఆస్టిన్, రెండోవానిది చిరుతలాంటి జాగ్వార్. ఇద్దరూ మైదానం మీద ఒకేసారి ఉన్నా, ఒకరితో ఒకరు తలపడినట్టు కాదు. ఎవరి తరగతి వారిది. అయినా సీజను ముగిసే వేళకు ఇద్దరి పాయింట్లూ సమానం!

పాయింట్ల లెక్క ఎంత విచిత్రమైనదో ఆ ఏడే మరోచోట కూడా లోకం చూసింది. 1958 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్టిర్లింగ్ మాస్ నాలుగు పందాలు గెలిచాడు. మైక్ హాథార్న్ గెలిచినది ఒక్కటే. కాని రెండవ స్థానాలు కూడబెట్టుకున్న హాథార్న్‌కు 42, మాస్‌కు 41 వచ్చాయి. బిరుదు హాథార్న్‌దయింది. అంతకుముందు ఆగస్టులో పోర్చుగల్ పందెంలో హాథార్న్‌ను తప్పుపట్టి తొలగించబోతే, అతని తప్పు లేదని సాక్ష్యం చెప్పి నిలబెట్టినది మాసే. ఆ సాక్ష్యం లేకపోతే బిరుదు మాస్ ఇంటికే వచ్చేది. ఆనాటి డ్రైవర్లలో కొందరికి గెలుపెంత ముఖ్యమో, అది న్యాయమైన గెలుపు కావటం అంతకంటె ముఖ్యం. మన కథలోని ఇద్దరూ ఆ కోవలోనివారే.

అశ్వహృదయం, అక్షహృదయం

పాయింట్లు సమానమయ్యాయి. ఇప్పుడు పెద్దలేం చేయాలి? “నాణెం ఎగరవేద్దాం” అన్న సూచన వచ్చింది. ఒక్క క్షణంలో తేలిపోతుంది, ఖర్చూ లేదు. ఆ మాట ఇద్దరు డ్రైవర్లకూ నచ్చలేదు.

ఎందుకు నచ్చలేదో తెలుసుకోవాలంటే మన నలచరిత్రను ఒకసారి తలచుకుంటే చాలు. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుడి రథం తోలుతున్నాడు. రాజుగారి ఉత్తరీయం జారి పడింది. ఆపమనేలోగా రథం యోజనం దాటిపోయింది! రథం వేగం చూసి పక్కనున్న వార్ష్ణేయుడికి అనుమానం వచ్చింది: ఈ తోలేవాడు నలుడే కాదుగదా? ఆ ప్రయాణంలోనే ఇద్దరూ విద్యలు మార్చుకునే ఒప్పందం చేసుకున్నారు. నలుడిది అశ్వహృదయం, అంటే గుర్రాల మర్మం. ఋతుపర్ణుడిది అక్షహృదయం, అంటే పాచికల మర్మం. రాజ్యం పోగొట్టుకున్న నలుడికి పాచికల మర్మంతో పని ఉన్నది. కాని సియర్స్‌కూ సాప్‌విత్‌కూ పాచికలతో పనేమిటి? సీజనంతా వారు చూపినది రథం తోలే నేర్పు. దానికి తీర్పు నాణెం చెప్పటమేమిటి? నాణెం వల్ల ఓడినవాడు “నేను తక్కువ వాణ్ణి కాను” అని జన్మంతా అనుకుంటాడు. గెలిచినవాడు “నేను ఎక్కువవాణ్ణి” అని ఒక్కనాడూ గట్టిగా అనలేడు.

సరే, నాణెం వద్దు. పందెమే పెడదాం. ఏ కార్లతో? ఎవరి కారు వారు తెచ్చుకుంటే పందెం మొదలుపెట్టకముందే ముగిసినట్టు. నూరు హార్సుపవరు ఆస్టిన్, 210 హార్సుపవరు జాగ్వార్‌ను ఎన్నటికి పట్టుకోగలదు? ఇద్దరికీ ఒకేరకం కార్లివ్వాలి. ఇక్కడ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ముందుకొచ్చింది. ఆ సంస్థ పోటీల శాఖ అధికారి మార్కస్ చేంబర్స్ రెండు రైలీ 1.5 కార్లు సమకూర్చాడు. రెండూ ఒకే తయారీ, ఒకే కొలత.

ఈ రైలీ పేరు మనవారికి కొత్తగా ఉండవచ్చును గాని, దాని గుండెకాయ మాత్రం మనకు చిన్ననాటినుంచీ తెలిసినదే. అందులోని ఇంజను 1489 సి.సి.ల బి-సిరీస్ ఇంజను. 1959 నుంచి మన అంబాసిడర్ కారులోకి వచ్చినది ఆ కుటుంబపు ఇంజనే, ఆ కొలతదే. రైలీలో రెండు కార్బురేటర్లు పెట్టి కొంత చురుకు పెంచారు, అంతే తేడా. దాని అడుగుభాగమేమో మోరిస్ మైనరు ఏర్పాటు. మోరిస్ మైనరు అంటే బేబీ హిందుస్థాన్ పేరుతో మన రోడ్లమీద తిరిగినది. కలెక్టరుగారినీ, పెళ్ళికొడుకునూ, ఆస్పత్రికి వెళ్ళే గర్భిణినీ మోసి, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు జ్ఞాతి అనదగిన కారే ఇంగ్లండు మొదటి ఛాంపియన్ ఎవరో తేల్చిందంటే, మనకూ కాస్త చుట్టరికం కలిసినట్టే కదా!

ఒకేరకం కార్లు దొరికినా అనుమానం తీరదు. ఒకే కుమ్మరి ఒకే సారెమీద చేసిన రెండు కుండలు మోగించి చూడండి, ఒకేలా మోగవు. కార్లూ అంతే. ఒకదాని ఇంజను కాస్త తేలిక, ఒకదాని బ్రేకు కాస్త బరువు. అందుకని చక్కటి షరతు పెట్టారు. ఒక్క పందెం కాదు, రెండు. ఒక్కొక్కటి అయిదు చుట్లు. మొదటి పందెం కాగానే ఇద్దరూ కార్లు మార్చుకోవాలి. రెండింటి కాలాన్నీ కలిపి, ఎవరిది తక్కువైతే వారే ఛాంపియన్.

వానలో పది చుట్లు

బ్రాండ్స్ హాచ్ మైదానం పెద్ద గిన్నెలాంటి పల్లం. ఒడ్డున నిలబడితే దాదాపు దారంతా కనబడుతుంది. ఆనాటికి దాని చుట్టు 1.24 మైళ్ళు. కనుక అయిదు చుట్లంటే ఆరు మైళ్ళ పైచిలుకు మాత్రమే. కాని తేలిక దారి కాదది. బయలుదేరగానే ప్యాడక్ హిల్ మలుపు. కుడికి తిరుగుతూనే రోడ్డు కాళ్ళకింద జారినట్టు పల్లానికి పడిపోతుంది. వెంటనే ఎత్తెక్కి డ్రూయిడ్స్ అనే హెయిర్‌పిన్ మలుపు. అక్కడ కారు వచ్చినదారినే వెనక్కు తిరిగినంత పని చేయాలి.

ఆనాడు వాన. తడిసిన రోడ్డుమీద సన్నని టైర్ల కార్లు. బ్రేకు ఒక్క అంగుళం ఎక్కువ తొక్కితే కారు జారుతుంది. తక్కువ తొక్కితే మలుపు దాటిపోతుంది. ఇటువంటి రోడ్డుమీద కారు బలంకంటె కాలి నేర్పుకే విలువ ఎక్కువ. సీజనంతా పడిన శ్రమ అంతా పది చుట్లలో తేలిపోవాలి. ఎదుట ఉన్నది మరెవరో కాదు, సరిసాటి అని లెక్కలే చెప్పిన మనిషి.

మొదటి పందెం ముగిసింది. సాప్‌విత్ 2.2 సెకన్ల ముందున్నాడు.

ఇద్దరూ దిగారు, కార్లు మార్చుకున్నారు, మళ్ళీ గీతమీద నిలబడ్డారు. ఇప్పుడు సియర్స్‌కు గెలుపొక్కటే చాలదు. 2.2 సెకన్లకంటె ఎక్కువ తేడాతో గెలవాలి. సాప్‌విత్‌కు గెలవనక్కర కూడా లేదు, 2.2 సెకన్లలోపు వెనుక ఉంటే చాలు.

రెండవ పందెం కూడా ముగిసింది. ఈసారి సియర్స్ 3.8 సెకన్ల ముందున్నాడు. 3.8లోంచి 2.2 తీసివేస్తే 1.6. జాక్ సియర్స్ బ్రిటిష్ సెలూన్ కార్ల తొలి ఛాంపియన్ అయ్యాడు.

లెక్కలో దాగిన సంగతి

ఇప్పుడు పలకా బలపం తీసుకుని మనం కూడా ఒక లెక్క వేద్దాం. మొదటి పందెంలో సాప్‌విత్ కూర్చున్న కారు గెలిచింది. తరువాత ఆ కారులో కూర్చున్నది ఎవరు? సియర్స్. రెండవ పందెంలో గెలిచినదీ సియర్సే. అంటే గెలిచిన మనుషులు ఇద్దరైనా, గెలిచిన కారు మాత్రం రెండుసార్లూ ఒకటే!

రెండు కార్ల మధ్య తేడా రెండు పందాల్లోనూ ఒకేలా ఉన్నదనుకుంటే లెక్క ఇలా తేలుతుంది. 2.2, 3.8 కలిపి సగం చేస్తే 3. అది కారు చలవ. తేడా అయిన 1.6ను సగం చేస్తే 0.8. అది మనిషి చలవ. అంటే అయిదు చుట్ల పందెంలో మంచి కారు వల్ల కలిసివచ్చినది 3 సెకన్లు. మంచి డ్రైవరు వల్ల కలిసివచ్చినది ఒక్క సెకను కూడా కాదు. అచ్చుగుద్దినట్టున్న రెండు కార్ల మధ్యనే ఇంత తేడా ఉంటే, కార్లు మార్చుకోవాలన్న ఆ చిన్న షరతు ఎంత విలువైనదో చూడండి. అదే లేకుండా మొదటి పందెంతో సరిపెట్టుకుని ఉంటే, బిరుదు సాప్‌విత్‌కు పోయేది. అందరూ న్యాయంగానే జరిగిందనుకునేవారు. కార్లు ఒకటే కదా అని సమాధానపడేవారు కూడా.

ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒక పూర్ణంబూరె పంచవలసి వస్తే అమ్మ చేసే ఉపాయం ఇటువంటిదే. ఒకణ్ణి విరవమంటుంది, రెండోవాణ్ణి ముందు తీసుకోమంటుంది. ఇక ఎవరికీ నోరెత్తే వీలుండదు. ఎదుటివాడికి దక్కినదేదో నాకూ దక్కింది, నాకు దక్కినదేదో వాడికీ దక్కింది అని తెలిశాక ఓడినవాడి మనసు కూడా చల్లబడుతుంది.

ఆ తరువాత

ఛాంపియన్‌షిప్ నిలిచింది. తరగతుల పద్ధతి చాలా ఏళ్ళు సాగింది. దానివల్ల 1961లో 850 సి.సి.ల మినీ కారుతో జాన్ విట్‌మోర్, 1970 నుంచి మూడేళ్ళు వరుసగా చిన్న ఇంప్ కారుతో బిల్ మెక్‌గవర్న్ ఛాంపియన్లయ్యారు. ముందు గీత దాటే భారీ కార్లను జనం చూస్తుంటే, వెనకాల చిన్న కారు బిరుదు ఎగరేసుకుపోయేది. 1991 నుంచి తరగతులెత్తివేసి అందరికీ ఒకే కొలత ఇంజను పెట్టారు.

సియర్స్ 1963లో మళ్ళీ ఛాంపియన్ అయ్యాడు. ఈసారి 7 లీటర్ల అమెరికా కారు ఫోర్డ్ గాలక్సీతోనూ, ఫోర్డ్ కార్టినాతోనూ. 1964లో ఒక తెల్లవారుజామున ఎం1 రాజమార్గం మీద ఎ.సి. కోబ్రా కారును పరీక్షకోసం గంటకు 180 మైళ్ళ పైచిలుకు వేగంతో నడిపి పత్రికలకెక్కాడు. ఆనాటికి ఆ రోడ్డుమీద వేగానికి పరిమితి లేదు. 1965 డిసెంబరులో 70 మైళ్ళ పరిమితి వచ్చేసరికి, “అంతా జాక్ చలవే” అని జనం చెప్పుకున్నారు. నిజానికి ఆ ఏడు పొగమంచులో జరిగిన ఘోరప్రమాదాలు అందుకు పెద్ద కారణం. మామూలు రోడ్డు పందెపు మైదానం కాదు. ప్రపంచ ఛాంపియన్ హాథార్న్ కూడా 1959 జనవరిలో తడి రోడ్డుమీద సొంత జాగ్వార్ 3.4 నడుపుతూనే ప్రాణం పోగొట్టుకున్నాడు.

సాప్‌విత్ కార్లు నడపటం మాని జట్టు యజమానిగా కూర్చున్నాడు. తరువాత సముద్రం మీదకు మళ్ళి, 1961లో మొదలైన కౌస్-టార్కీ మోటారు పడవల పందెం మొదటి ఏడే గెలిచాడు. 1968, 1970ల్లో మళ్ళీ గెలిచాడు. సియర్స్ 2016లోనూ, సాప్‌విత్ 2019లోనూ, ఇద్దరూ 86వ ఏటనే కన్నుమూశారు. ఆ వయసులెక్కలోనూ సమానమే!

ఆ వానరోజు తీర్పు ఇద్దరి మనసుల్లోనూ ముల్లై మిగలలేదనటానికి ఒక్క నిదర్శనం చాలు. 1960లో సాప్‌విత్ తన ఎకీప్ ఎండెవర్ జట్టుకు డ్రైవర్లను ఎంచుకున్నప్పుడు, తన జాగ్వార్‌నూ ఆస్టన్ మార్టిన్‌నూ నడపటానికి అప్పగించినవారిలో జాక్ సియర్స్ ఒకడు. తనకంటె 1.6 సెకన్లు మెరుగని గడియారం చెప్పిన మనిషికి ఆయన తన కార్ల తాళాలిచ్చాడు.